కిక్కు కొట్టే కాలును బట్టే కలల బండి

పాత బుల్లెట్‌ను స్టార్ట్ చేయడానికి ఒక పద్ధతుంది. తాళం తిప్పాక ముందు హెడ్‌లైట్ డోములో ఉన్న ఆంపియర్ మీటరు ముల్లును చూడాలి. కిక్కరు మీద బరువు వేయకుండా కాలితో మెల్లగా నొక్కుతూ పోతే ఒకచోట ఆ ముల్లు మధ్యకు వచ్చి నిలబడుతుంది. పిస్టన్ కంప్రెషన్ దగ్గరకు వచ్చిందని దానర్థం. అప్పుడు హ్యాండిల్ మీదున్న, సిలిండర్‌లోని ఒత్తిడిని వదిలించే డీకంప్రెసర్ లివరు నొక్కిపట్టి కిక్కరును ఇంకొంచెం దించాలి. లివరు వదిలేసి, కిక్కరును మళ్లీ పైదాకా రానిచ్చి, ఒంటి బరువంతా కుడికాలి మీద వేసి నిండుగా ఒక్క తన్ను తన్నాలి. కుదిరితే ఇంజిన్ అందుకుంటుంది. కుదరకపోతే కిక్కరే ఎదురు తంతుంది. ఆ దెబ్బకు చీలమండ వాచి వారం రోజులు కుంటినవాళ్లు బుల్లెట్ ఉన్న ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

ఇరవై ఏళ్లవాడికి ఈ తతంగమంతా ముచ్చట. నలుగురు చూస్తుండగా ఒక్క తన్నుకే బండి స్టార్టయితే ఆ రోజంతా పండగే. అదే మనిషికి యాభై ఎనిమిది వచ్చాక, కుడి మోకాలు ఒప్పుకుంటేనే ఆ తన్ను. బండి అదే, దానిమీద ఇష్టమూ పోలేదు. కానీ 'ఎప్పటికైనా కొనాలి' అని ఇన్నేళ్లుగా మనసులో రాసిపెట్టుకున్న పాత బళ్ల వరసలో బుల్లెట్ నెమ్మదిగా కిందికి దిగుతుంది. ఎప్పుడూ లెక్కలోకి రాని బండేదో పైకొస్తుంది.

వయసైపోయింది, మోజు తీరిందని చాలామంది దీన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది సరికాదు. మోజు తీరినవాడు ఆ వరసను మర్చిపోతాడు, కూర్చుని మళ్లీ రాసుకోడు. నిజానికి మారేది బండిని కొలిచే అంకె. కుర్రతనంలో అడిగేది హార్స్‌పవర్ ఎంతని. నడివయసులో బండి ఏ సంవత్సరానిదని అడుగుతారు. అరవై దగ్గరపడుతుంటే మొదట వచ్చే ప్రశ్న, ఎన్ని కిలోలని. ఈ మూడో అంకె దగ్గర మాట్లాడుకోవలసింది చాలా ఉంది. కానీ మొదటి రెండూ ఎక్కడినుంచి వచ్చాయో చూస్తేగానీ అది అర్థం కాదు.

ఈ మార్పు బాగా తెలిసేది 1965–72 మధ్య పుట్టినవాళ్లలో. వాళ్లు పెద్దయ్యేదాకా మన దేశంలో మోటార్‌సైకిల్ అంటే ముఖ్యంగా మూడే. మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో తయారయ్యే ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ ఒకటి. చెకోస్లొవేకియా లైసెన్సుతో మైసూరులో ఐడియల్ జావా కంపెనీ మొదలుపెట్టి, తర్వాత యెజ్‌డీ అని పేరు మార్చిన 250 సీసీ బండి ఇంకొకటి. మూడోది ఎస్కార్ట్స్ వాళ్ల రాజ్‌దూత్ 175. ఇవి కాక మిలిటరీ డిస్పోజల్‌లో వేలానికొచ్చిన బీఎస్‌ఏలు, నార్టన్‌లు, మ్యాచ్‌లెస్‌లు ఏ వర్క్‌షాపు మూలనో కనిపించేవి.

సరిగ్గా వీళ్లు కాలేజీ మెట్లెక్కే సమయానికి జపాన్ కంపెనీలు వచ్చాయి. 1983లో యమహా ఆర్‌డీ350ని ఎస్కార్ట్స్ రాజ్‌దూత్ 350 పేరుతో దించింది. 1984లో ఇండ్-సుజుకి, 1985లో హీరోహోండా సీడీ100, అదే ఏడాది చివర్లో యమహా ఆర్‌ఎక్స్100 వచ్చాయి. రెండు మూడేళ్లలో రోడ్డు మీద శబ్దమే మారిపోయింది. అంకెలు చూస్తే ఆ కుర్రాళ్లకు ఎందుకు మతిపోయిందో తెలుస్తుంది. 346 సీసీ బుల్లెట్‌కు 18 హార్స్‌పవర్. దాదాపు అంతే సీసీ ఉన్న రాజ్‌దూత్ 350లో ఎక్కువ శక్తి ఉన్న హెచ్‌టీ మోడల్‌కు సుమారు 31, పైగా ఆరు గేర్లు. ఆర్‌ఎక్స్100కు 11 హార్స్‌పవరే అయినా బండి బరువు 103 కిలోలు. సిగ్నల్ దగ్గర పక్కనున్న బుల్లెట్ గేరు మార్చేలోపే అది దూరమైపోయేది. సీడీ100కు ఏడు పైచిలుకు. అందుకే దాన్ని కలల్లో ఎవరూ పెట్టుకోలేదు, ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం అదే కొనిపెట్టారు.

కుర్రతనపు జాబితాను ఎవరు రాశారో ఇక్కడే బయటపడుతుంది. అందులో సగం ఎదుటివాళ్ల కళ్లు రాసినవి. బండి ఆగితే హోటల్ ముందు ఎంతమంది మూగుతారు, సైలెన్సర్ శబ్దం వీధి చివరదాకా వినిపిస్తుందా అన్నవే కొలతలు. మిగతా సగం పత్రికల్లోని ఫోటోలు రాసినవి: ట్రయంఫ్ బానవిల్, బీఎస్‌ఏ గోల్డ్‌స్టార్, విన్సెంట్ బ్లాక్ షాడో, హోండా సీబీ750. దిగుమతి దారులన్నీ మూసుకుపోయిన ఆ రోజుల్లో విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్న కుర్రాడు వీటిని కళ్లతో చూసే అవకాశమే లేదు. అందుకే వాటిమీద ప్రేమకు కొదవ లేదు. ఫోటోలో ఉన్న బండికి ఆయిల్ కారదు, క్లచ్ కేబుల్ తెగదు.

తర్వాతి ఇరవై ఏళ్లలో జరిగింది ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. ఉద్యోగం, పెళ్లి, లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్న లెక్క, పిల్లల ఫీజులు వరసగా వచ్చి ఆ జాబితాను అటకెక్కించాయి.

నలభై దాటాక దాన్ని కిందికి దించి చూస్తే అందులో సగం పేర్లు ఎందుకున్నాయో గుర్తురాదు. లేని పేర్లు మాత్రం కొత్తగా వచ్చి చేరతాయి. ఇక్కడ పనిచేసేది జ్ఞాపకం. మనిషి నడివయసు దాటాక వెనక్కి తిరిగి చూస్తే, సుమారు పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా, స్పష్టంగా గుర్తొస్తాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎన్నో పరిశోధనల్లో గమనించారు. మొదటిసారి చూసినవీ చేసినవీ ఎక్కువగా ఆ వయసులోనే ఉంటాయి కాబట్టి మనసు వాటిని గట్టిగా పట్టుకుంటుంది. బండి విషయంలో ఇది ఇంకా బలంగా ఉంటుంది. ఎందుకంటే బండి కంటితో మాత్రమే గుర్తుండదు. దాని శబ్దం, టూ స్ట్రోక్ ఆయిల్ కాలిన వాసన, ఎండలో వేడెక్కిన రెగ్జిన్ సీటు, అన్నీ కలిసి గుర్తుంటాయి.

రాజ్‌దూత్ 175 ఈ దశలోనే జాబితాలోకి వస్తుంది. ఈ వయసువాళ్లలో ఒక్కరు కూడా ఇరవై ఏళ్లప్పుడు దాన్ని కోరుకుని ఉండరు. పోలండ్ వాళ్ల ఎస్‌హెచ్‌ఎల్ బండి ఆధారంగా 1960ల మొదట్లో వచ్చిన 173 సీసీ మోటార్‌సైకిల్ అది. వేగం లేదు, సొగసు లేదు. కానీ పల్లెటూళ్లో రెండు పక్కలా పాల క్యాన్లు కట్టుకుని తెల్లవారకముందే కదిలేది అదే. ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చినా, ఎరువుల కొట్టు యజమాని వచ్చినా దానిమీదే. ఎందరికో అది నాన్న బండి. ముందు పెట్రోల్ ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని పంపుసెట్టు దాకా తీసుకెళ్లిన బండి. బంకులో పెట్రోలుతోపాటు కొలపాత్రతో ఆయిల్ కలిపి పోయించుకోవడం, ఆ తర్వాత బండిని అటూ ఇటూ ఊపి కలపడం, ఇంటికి రాగానే ఇంజిన్ నుంచి టిక్కుటిక్కుమని చల్లారే చప్పుడు. నలభై ఎనిమిదేళ్లవాడు రాజ్‌దూత్ కోసం పాత సామాన్ల షెడ్లు తిరుగుతున్నాడంటే వెతుకుతున్నది 173 సీసీ ఇంజిన్‌ను కాదని చూసేవాళ్లకు కూడా తెలుస్తుంది.

ఇదే దశలో సంవత్సరం మీద పట్టుదల మొదలవుతుంది. ఆర్‌ఎక్స్100 అయితే చాలదు, 1980లలో వచ్చిన తొలి బళ్లలోదే కావాలి. జావా అంటే మైసూరుదే, పాత గుండ్రటి ట్యాంకుదే. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఆర్‌సీ మూడూ ఒకటి కావాలి. అద్దం నుంచి బోల్టు దాకా కంపెనీదే ఉండాలి. ఈ పట్టుదలను వెర్రి అనుకునేవాళ్లున్నారు. అలా అనుకోవడం తొందరపాటు. ఒకప్పటి రోజును తిరిగి పట్టుకోవాలనుకునేవాడికి ఆ రోజున ఉన్నది ఉన్నట్టు ఉంటేనే తృప్తి. కొత్త సైలెన్సర్ వేసిన ఆర్‌ఎక్స్ బాగానే పరిగెత్తుతుంది, కానీ అతను విన్న శబ్దం అది కాదు.

డబ్బు కూడా ఈ వయసులోనే చేతికొస్తుంది. కాబట్టి పాత బళ్ల ధరలు ఎవరి యవ్వనాన్ని బట్టి ఎప్పుడు పెరుగుతాయో దాదాపు ముందే చెప్పొచ్చు. కొన్నప్పుడు మామూలు బండిగా కొన్న ఆర్‌ఎక్స్100 ఇప్పుడు మంచి కండిషన్‌లో ఉంటే లక్ష దాటి పలుకుతోంది. మైలేజీ లేదని షోరూముల్లో జనం వదిలేసిన రాజ్‌దూత్ 350 దానికన్నా చాలా ఎక్కువ పలుకుతోంది. ఆ బండి తయారీ 1980ల చివరికే ఆగిపోయింది. అప్పుడు కొనలేకపోయినవాళ్లకు నలభై ఐదేళ్లు వచ్చేసరికి మిగిలినవి కొద్దే. విదేశాల్లోనూ ఇదే తీరు. 1951 నాటి విన్సెంట్ బ్లాక్ లైట్నింగ్ ఒకటి 2018 జనవరిలో లాస్ వేగస్ వేలంలో 9,29,000 డాలర్లకు పోయింది. ఇలాంటి అరుదైనవాటిని పక్కన పెడితే, రెండో ప్రపంచ యుద్ధానికి ముందునాటి మామూలు బళ్లను కోరుకునేవాళ్లు తగ్గుతున్నారు. వాటిని కుర్రతనంలో చూసి ఆశపడ్డ తరమే దాదాపు వెళ్లిపోయింది మరి. ఇటు 1985 ప్రాంతంలో పుట్టినవాళ్లు నలభైలోకి వచ్చారు. వాళ్ల జాబితాలో బుల్లెట్‌కన్నా ముందు హీరోహోండా వాళ్ల 1999 నాటి సీబీజెడ్, 2003 నాటి కరిజ్మా ఉన్నాయి. అవి పాతబళ్లేమిటని యాభై దాటినవాళ్లు ఆశ్చర్యపోతారు. ఆర్‌ఎక్స్100 గురించి వాళ్ల నాన్నలు కూడా అదే అన్నారు.

ఇక కిలోల లెక్క.

శరీరం మారడం ఒక్కరోజులో తెలియదు, ఒక్కో పనిలో తెలుస్తుంది. ముప్పై దాటాక ఒంట్లో కండ పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా తగ్గుతూ పోతుందని, అరవై తర్వాత ఇంకా వేగంగా తగ్గుతుందని వైద్యులు చెబుతారు. బండి నడుపుతున్నంతసేపూ ఈ తగ్గుదల కనిపించదు, చక్రాలే బరువు మోస్తాయి. కనిపించేది బండి ఆగినప్పుడు. హైదరాబాద్‌లో ఏ అపార్టుమెంటు సెల్లారులోనో పాత బుల్లెట్ ఉందనుకుందాం. ఆదివారం పొద్దున్నే తీద్దామంటే స్టార్టవదు. ప్లగ్గు తీసి తుడవాలంటే వెలుతురు కావాలి, వెలుతురు కావాలంటే ర్యాంపు మీదుగా పైకి తోయాలి. 160 కిలోలు దాటిన బండి. ర్యాంపు సగానికి వచ్చేసరికి ఊపిరి అందదు. ఆపుదామంటే బ్రేకు పట్టుకోవాలి, వదిలితే వెనక్కి జారుతుంది. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి వెనక చెయ్యి వేస్తే తప్ప ముందుకు కదలదు. ముప్పైలో ఒంటిచేత్తో తోసిన బండే అది. ఇలాంటి ఆదివారాలు రెండు మూడు గడిచాయంటే ఆ మనిషి జాబితాలో 103 కిలోల ఆర్‌ఎక్స్100 కొత్తగా వెలుగుతుంది. ఎన్ని హార్స్‌పవర్లని ఇప్పుడు అడగడు.

మెయిన్ స్టాండ్ వేయడం కూడా అంతే. స్టాండు కాలును నేలకు తొక్కిపెట్టి, వెనక పట్టుకున్న చేయి ఊరికే ఆనిస్తే బండి తనంతట తనే ఎక్కుతుంది. అది ఒడుపు, బలం కాదు. కానీ ఆ ఒడుపుకు నడుం నమ్మకంగా ఉండాలి. ఒక్కసారి నడుం పట్టేసినవాడు ఆ తర్వాత సైడ్ స్టాండ్ లేని బండి వంక చూడడు.

అయితే సీసీ తగ్గినకొద్దీ బండి సులువనీ, ముసలివాళ్లకు చిన్న బండే సరిపోతుందనీ అనుకుంటే పొరపాటు. విషయం అంత సూటిగా లేదు. రాజ్‌దూత్ 350కి రెండు చిన్న సిలిండర్లు, అదీ టూ స్ట్రోక్. కాబట్టి దాన్ని కిక్కు కొట్టడం బుల్లెట్ కన్నా ఎంతో తేలిక. కాలు దానికి అభ్యంతరం చెప్పదు. అభ్యంతరం చెప్పేది బ్రేకు. జపాన్ ఆర్‌డీ350కి ముందు డిస్క్ బ్రేకు ఉండేది. ఇక్కడి బండికి దాని బదులు డ్రమ్ము వేశారు. ఆ వేగానికి ఆ బ్రేకు చాలదని ఆ రోజుల్లోనే కుర్రాళ్లు దానికి 'ర్యాపిడ్ డెత్' అని పేరు పెట్టారు. ఇరవై ఏళ్లప్పుడు కన్ను చూడగానే చెయ్యి బ్రేకు మీద పడుతుంది. అరవైలో ఆ మధ్య ఒక క్షణం ఎక్కువ పడుతుంది. బ్రేకు కూడా ఆలస్యమే, మనిషీ ఆలస్యమే అయితే ప్రమాదం. ఈ సంగతి ఒప్పుకుని ఆర్‌డీని పక్కన పెట్టినవాణ్ని పిరికివాడనకూడదు.

జావాది ఇంకో సంగతి. దాని గేరు లివరు ఎడమపక్క ఉంటుంది. అదే లివరును లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కరవుతుంది. అంటే తన్నాల్సింది ఎడమకాలితో. బుల్లెట్, ఆర్‌ఎక్స్ కిక్కర్లు కుడిపక్క. కుడి మోకాలు అరిగినవాడు బుల్లెట్‌ను వదులుకున్నా, ఎడమకాలు బాగుంటే జావాను వదులుకోనక్కర్లేదు. కంపెనీ ఇంజినీర్లు మోకాళ్ల నొప్పుల కోసం పెట్టిన ఏర్పాటు కాదది. అయినా అరవై ఏళ్ల తర్వాత ఒక మనిషి కలను అదే నిలబెడుతోంది. పాత బుల్లెట్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది. గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి. మొదటినుంచీ దానిమీదే తిరిగినవాడికి ఇబ్బంది లేదు. ముప్పై ఏళ్లు వేరే బళ్లు నడిపి ఇప్పుడు కోరిక తీర్చుకుందామని కొన్నవాడికి, కుక్క అడ్డొచ్చినప్పుడు కుడికాలు అలవాటుగా బ్రేకు కోసం గేరును తొక్కుతుంది. కుర్రాడైతే నెలరోజుల్లో కాలిని మళ్లీ మలచుకుంటాడు. వయసైనకొద్దీ ఆ నెల ఏడాదవుతుంది.

కళ్లు కూడా జాబితాను దిద్దుతాయి. అరవై ఏళ్ల మనిషి కంటిలో రెటీనా దాకా చేరే వెలుతురు, ఇరవై ఏళ్లవాడి కంటితో పోలిస్తే సుమారు మూడోవంతే. మైసూరు జావాకు 6 ఓల్టుల కరెంటు. ఇంజిన్ నిదానిస్తే హెడ్‌లైట్ దీపపు బుడ్డిలా మారుతుంది. ఆ కన్ను, ఆ లైటు కలిస్తే సాయంత్రం ఆరు తర్వాత ప్రయాణం లేదు. అందుకే పాత బళ్ల మీద పెద్దవాళ్ల షికార్లన్నీ తెల్లవారుజాము తర్వాత మొదలై టిఫిన్ వేళకు ముగుస్తాయి. దూరం తగ్గిందని వాళ్లు బాధపడటం తక్కువ. రెండు గంటల్లో తిరిగొచ్చే బండికి ఏం కావాలో వేరే లెక్కుంది. పెద్ద ట్యాంకు అక్కర్లేదు, వంద దాటే వేగం అక్కర్లేదు. గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో హాయిగా, ఒక్కో పేలుడూ వినిపించేలా నడిచే ఇంజిన్ చాలు. ఇరవై ఏళ్లప్పుడు 'నత్త' అని తీసిపారేసిన నిదానపు ఇంజిన్‌లకు విలువ వచ్చేది ఇక్కడే. ఈ రుచి వయసు వల్లే వస్తుంది, ముందు చెప్పినా ఎవరికీ ఎక్కదు.

ఇంగ్లండ్‌లో బ్రిటిష్ బళ్ల మధ్య పెరిగినవాళ్ల జాబితాలో ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడి కుర్రాళ్లు ఆశపడింది బీఎస్‌ఏ గోల్డ్‌స్టార్ డీబీడీ34 కోసం. రేసు గేర్‌బాక్సు ఉన్న ఆ బండి మొదటి గేరులోనే గంటకు 60 మైళ్ల దాకా లాగేది. అంటే ఊళ్లో నడిపినంతసేపూ క్లచ్‌ను సగం పట్టుకునే ఉండాలి. ఆగితే ఐడ్లింగ్ సరిగా ఉండదు, యాక్సిలరేటర్ ఆడిస్తూనే ఉండాలి. పందెంలో అది వజ్రం. కీళ్లవాతం వచ్చిన ఎడమచేతికి మాత్రం ప్రతి సిగ్నలూ నరకమే. అదే మనిషి అరవై దాటాక 1975 నాటి నార్టన్ కమాండో మార్క్ 3 గురించి అడుగుతాడు. దానికి సెల్ఫ్ స్టార్ట్ ఉంది, ఇంజిన్ వణుకు చేతికి రాకుండా రబ్బర్లలో కూర్చోబెట్టారు. 1969లోనే సెల్ఫ్, ముందు డిస్క్ బ్రేకు రెండూ ఇచ్చిన హోండా సీబీ750 ఇంకా మంచిది కదా అంటే, అది రెండొందల కిలోలు దాటుతుంది. మళ్లీ ర్యాంపు దగ్గరికే వచ్చాం.

వెనక కూర్చునే మనిషి మాట ఎవరూ ఎత్తరు, కానీ నడివయసు తర్వాత జాబితాలో సగం ఆమెదే. ముప్పై ఏళ్లుగా వెనక కూర్చున్న భార్యకు కూడా మోకాళ్లున్నాయి. పాత బుల్లెట్ మీద చీరకట్టుతో ఒకపక్కకు ఎక్కి కూర్చోవాలంటే ఆమెకు గట్టు ఆసరా కావాలి. ఆమె 'నేను రాను' అన్న రోజున ఆ బండి ఇంటి బండి కాకుండా పోయి, ఒక్కడి బండి అవుతుంది. స్కూటర్లు జాబితాలోకి రావడానికి ఇదే కారణం. లాంబ్రెట్టా, హైదరాబాద్ ఆల్విన్ తయారుచేసిన పుష్పక్ లాంటివి మోటార్‌సైకిల్ ప్రియుల నోట అరవై దగ్గరే వినిపిస్తాయి. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ తిరిగింది వాటిమీదే.

పాత రూపుతో కొత్త బండి కొంటే సరిపోదా? కంపెనీలు ఈ ప్రశ్నను ముందే పట్టుకున్నాయి. 2009లో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, 2018లో కొత్త జావా, 2022లో యెజ్‌డీ వచ్చాయి. 2024లో గోల్డ్‌స్టార్ పేరుతో బీఎస్‌ఏ కూడా మన రోడ్ల మీదకు దిగింది. సెల్ఫ్ ఉంది, డిస్కు ఉంది, లైటు బాగుంది, ఆయిల్ కారదు. మోకాలికి, కంటికి, బ్రేకు మీద భయానికి ఇవి నిజంగా మంచి జవాబు. కానీ కిలోలకు కావు. మైసూరు జావా సుమారు 130 కిలోలుంటే, 2018లో వచ్చింది 170 కిలోలు. ఇప్పటి క్లాసిక్ 195 కిలోలు. పాతదానికన్నా బరువైనదాన్ని పాతదాని బదులుగా ఇస్తున్నారన్నమాట. నూరు కిలోల దగ్గర, చురుకైన పాత తరహా బండి ఒకటి చేస్తే దానికోసం యాభై దాటినవాళ్లు వరస కడతారు. పొగ నిబంధనల వల్ల టూ స్ట్రోక్ ఆర్‌ఎక్స్100 ఉన్నదున్నట్టుగా తిరిగి రాదు. కానీ ఆ తేలికదనాన్నయినా తీసుకురావాలన్న ఆలోచన ఎవరికీ పెద్దగా ఉన్నట్టు కనిపించదు, అది నిజంగా లోటు.

ఒంటితో పాటు వయసు తెచ్చే ఇంకో మార్పు, వాడకం తగ్గడం. పాత బండికి నిలవుండటమే జబ్బు. వారాల తరబడి కదలకపోతే కార్బొరేటర్‌లో పెట్రోల్ ఆరి జిగురు కడుతుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఆ కాలపు రబ్బరు పైపులు, వాషర్లు దానికోసం చేసినవి కావు, ఉబ్బి పాడవుతాయి. అది తేమను కూడా పీల్చుకుంటుంది కాబట్టి ట్యాంకు లోపల తుప్పు. నలభైలో నాలుగు పాత బళ్లు కొన్నవాడు వాటిని వంతులవారీగా తిప్పుతూ ఉండగలడు. అరవై ఐదులో నాలుగు కార్బొరేటర్లు విప్పి తుడవడానికి కింద కూర్చోవడమే కష్టం, కూర్చుంటే లేవడం ఇంకా కష్టం. వయసైనవాళ్లు బళ్లను ఒక్కొక్కటే అమ్మేస్తుంటే చుట్టుపక్కలవాళ్లు డబ్బు అవసరమేమో అనుకుంటారు. చాలాసార్లు కారణం ఒకటే. ఉన్న ఒక్క బండినైనా ఆరోగ్యంగా ఉంచుకోవాలని.

కాగితాల లెక్కలోనూ వయసుకు చోటుంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా, వీఏ అక్షరాలున్న నంబరుతో రిజిస్టర్ చేయించుకోవచ్చు. రోజువారీ తిరగడానికి మాత్రం వాడకూడదు. మైసూరు తొలి జావాలు ఈ హద్దు దాటేశాయి. మొదటి ఆర్‌ఎక్స్100లు దాటేది 2035లో. అప్పటికి వాటిని కాలేజీలో నడిపిన, 1968లో పుట్టిన మనిషికి 67 ఏళ్లుంటాయి. అప్పటిదాకా ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ, బండిని ఆర్‌టీఏ ఆఫీసులో చూపిస్తూ రావలసిందే. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లకు మాత్రం తలుపు ముందే తెరుచుకుంది. అక్కడ పాతికేళ్లు దాటిన వాహనాన్ని ఇప్పటి భద్రతా ప్రమాణాలతో పనిలేకుండా దిగుమతి చేసుకోవచ్చు. ఆర్‌ఎక్స్100 తయారీ 1996లో ఆగింది కాబట్టి 2021 నాటికే అన్నీ ఆ గీత దాటాయి. గ్యారేజీలో ఎంత గొప్ప బండి ఉన్నా, చిన్నప్పటి ఊళ్లో తిరిగిన ఆ 98 సీసీ బండి కోసం ఓడ ఖర్చులు లెక్కవేసుకునేవాళ్లను అర్థం చేసుకోవడం కష్టం కాదు.

డెబ్బై దగ్గరకు వచ్చేసరికి జాబితాలో బండి పేరు ఒక్కటే మిగిలినా, దాని పక్కన మనిషి పేరొకటి చేరుతుంది. ఎవరికివ్వాలి? కొడుకుకు కారు చాలు. కూతురు హాస్టల్ రోజుల్లో నాన్న బండి నేర్చుకుంది కానీ ఇప్పుడుండేది బెంగళూరు. మనవడికి సైలెన్సర్ శబ్దం వింటే కళ్లు మెరుస్తాయి, వాడికింకా పన్నెండేళ్లే. ఇది తేలకుండా యజమాని పోతే ఏం జరుగుతుందో పాత సామాన్ల షాపులవాళ్లకు బాగా తెలుసు. ఆర్‌సీ దొరకదు, దొరికినా పేరు మార్పించే ఓపిక ఎవరికీ ఉండదు, ముప్పై ఏళ్లు కడిగి తుడుచుకున్న బండి ఇనుము ధరకు పోతుంది. యజమాని చనిపోతే వారసులు ముప్పై రోజుల్లో ఆర్‌టీఏకి తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31తో బండిని తమ పేరున మార్చుకోవాలి. 2021 నుంచి బ్యాంకు ఖాతాకు రాసినట్టే ఆర్‌సీలోనూ బతికుండగానే నామినీ పేరు రాయించుకునే వీలుంది. పాత బండి ఉన్నవాళ్లలో ఆ గడి నింపినవాళ్లు తక్కువ. బండి తాళాలు ఎక్కడుంటాయో, ఏ మెకానిక్‌కు దాని గుణం తెలుసో, చోక్ ఎంతసేపు లాగి ఉంచాలో ఒక కాగితం మీద రాసి ఆర్‌సీకి పిన్ను చేసినవాళ్లు ఇంకా తక్కువ.